పక్కవాడి గ్లాసు

మా సుందర్ రాజ్‌కి ఎదుటివాడి గ్లాసులో ఉన్నదే బీరు. తన ముందు ఏది పెట్టినా రెండు గుక్కలు తాగి, పక్క గ్లాసు మీద కన్నేస్తాడు. ఆ పక్క గ్లాసు ఎప్పుడూ నాదే.

"ఇటియ్యి బావ. నీదే బాగున్నట్టుంది. నాది నువ్వు తాగీ."

నేను నోరు తెరిచేలోపే గ్లాసులు మారిపోయేవి.

అతను స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్. నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమస్తాను. అతను ఆదివారం చర్చికి, నేను శనివారం సింహాచలం కొండకి. మా మధ్య చుట్టరికం లేదు. విశాఖలో బావ కావడానికి అదేమీ అక్కర్లేదు, పక్కపక్కన బండ్లు పెట్టుకుంటే చాలు.

చాలాకాలం నాకు తెలిసిన బీర్లు రెండే రకాలు: చల్లగా ఉన్నదీ, లేనిదీ. ఇంతలో రుషికొండ వైపు ఒక హోటలు తెరిచారు. అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు, బీరు అక్కడే తయారు చేస్తారు. శీతాకాలం అరకు కాఫీ వేసి ఒకటి, ఎండాకాలం మామిడిపండుతో ఒకటి, ఇలా సీజన్‌కో కొత్త రుచి. బోర్డు మీద పేర్లు మారేకొద్దీ నేను నిపుణుణ్ణయిపోయాను. గ్లాసు వెలుతురుకి పట్టి చూసేవాణ్ణి, వాసన చూసేవాణ్ణి, గిరగిరా తిప్పేవాణ్ణి. తిప్పితే సగం చొక్కా మీద పడేది. అదీ పద్ధతిలో భాగమే అన్నట్టు ముఖం పెట్టేవాణ్ణి.

అసలైన రసికుడు చేదు బీరే తాగుతాడని ఎక్కడో చదివాను. అందుకని బోర్డు మీద అన్నిటికన్నా చేదు ఏదో కనుక్కుని అదే చెప్పేవాణ్ణి. మొదటి గుక్కకే చెవులు మూసుకుపోయేవి. పైకి మాత్రం కచేరీ వింటున్నవాడిలా తల ఊపేవాణ్ణి. సరిగ్గా అప్పుడే సుందర్ రాజ్ చెయ్యి వచ్చేది. అతని మామిడిపండు బీరు నా ముందుకి వచ్చేది. ఈ మనిషి నన్ను నా ఇష్టమొచ్చింది తాగనివ్వడు కదా అని అందరితో మొరపెట్టుకుంటూ దాన్ని చుక్క మిగల్చకుండా తాగేవాణ్ణి. స్నేహితులు అతనికి గ్లాసుదొంగ అని పేరు పెట్టారు. అతను నవ్వేసి ఊరుకునేవాడు.

నా పాండిత్యం చివరికి మా ఓనరు నరసింహమూర్తిగారి చెవిన పడింది. ఆయన ఒక షిప్పింగ్ కంపెనీ పెద్దమనిషిని వెంటబెట్టుకుని, బీరు నువ్వే ఎంచాలి అంటూ నన్ను రుషికొండ తీసుకెళ్ళారు. ధైర్యానికి సుందర్ రాజ్‌ని కూడా రమ్మన్నాను. అక్కడ బీరు తయారు చేసే శ్రీసత్య అనే అమ్మాయి స్వయంగా మా టేబుల్ దగ్గరికొచ్చి, ఇంకా బోర్డెక్కని కొత్త రకం ఒకటి నా ముందు పెట్టింది. సార్ బాగుందంటే రేపటినుంచి అమ్ముతామంది. అందరి కళ్ళూ నా మీదే.

నిపుణుడు చిన్న గుక్క తాగకూడదని పెద్ద గుక్కే పట్టాను. వేపచెట్టు మొత్తం నా నోట్లో చిగురించింది. మింగలేను, ఎదురుగా తెల్లచొక్కా పెద్దమనిషి కూర్చుంటే ఉమ్మలేను. ఎలాగో మింగేసరికి కళ్ళ నీళ్ళొచ్చాయి. గ్లాసు ఇంకా నిండుగానే ఉంది. మాట రావడం లేదంటే అంత బాగుందా అని నరసింహమూర్తిగారు అడిగారు.

సుందర్ రాజ్ గ్లాసు లాక్కుని, ఎత్తిన గ్లాసు దించకుండా ఖాళీ చేసేశాడు.

"తప్పయిపోయింది సార్. సూత్తూ ఊరుకోలేకపోయాను," అని మూతి తుడుచుకున్నాడు.

పెళ్ళిపంక్తిలో పక్క విస్తట్లో గారె ఎత్తుకున్నవాణ్ణి చూసినట్టు చూశారంతా. అలాంటివాళ్ళని పెద్దవాళ్ళ మధ్యకి తేకూడదని మర్నాడు ఓనరుగారు నాకు బోధించారు. అవునండీ అని నేనూ తల ఊపాను.

ఆదివారం చర్చి అయ్యాక సుందర్ రాజ్ ఇంటికి భోజనానికి పిలిచాడు. వంజరం చేప పులుసు కలుపుకుంటూ, మీ ఆయనకి చేదు బీరంటే ఇంత యావేమిటని అతని భార్య దేవకుమారికి ఫిర్యాదు చేశాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సేదా? ఈయనకా? కాకరకాయ వండితే ఆ పూట ఇంట్లో అన్నమే తినరు అన్నయ్యా."

సుందర్ రాజ్ వంగి ముల్లు తీసుకుంటున్నాడు. ముల్లు లేనిచోట కూడా తీస్తున్నాడు.

"మీకు సేదు పడదు, పదిమందిలో సెప్పుకోలేరు, గ్లాసు నానే మార్సేత్తే గొడవుండదు అంటారు ఈయన. ఇంటికొచ్చి బెల్లంముక్క నవుల్తారు," అందామె.

పులుసు బ్రహ్మాండంగా ఉందన్నాను.

సోమవారం ఓనరుగారి గదిలోకి వెళ్ళి, చేదు తాగలేనిది నేనేననీ, మా బావ నన్ను కాపాడాడనీ చెప్పేశాను. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, నిజానికి తనకి సోడా తప్ప ఏదీ పడదని గొంతు తగ్గించి చెప్పారు.

ఆ వారమే నేనూ సుందర్ రాజూ ఆటో ఎక్కి మళ్ళీ రుషికొండ వెళ్ళాం. శ్రీసత్య ఎదురొచ్చింది. బోర్డు వైపు చూడకుండా, పక్క టేబుళ్ళకి వినబడేలా, నాకు చేదు పడదమ్మా, తియ్యగా ఏదుంటే అది ఇయ్యి అన్నాను. కొత్త సీతాఫలం బీరు రెండు గ్లాసులు తెచ్చింది.

సుందర్ రాజ్ నా భుజమ్మీద ఒక్కటి చరిచాడు.

"ఆ ముక్క ముందే అనుంటే నా నాలిక బతికీది కదా బావ. సర్లే, ఇదెలాగుందో సెప్పు. నువ్వు తెలిసినోడివి."

ఒక గుక్క తాగి ఆలోచించాను. నాకున్న పరిజ్ఞానమంతా కూడగట్టుకున్నాను.

"బాగుంది," అన్నాను.

"నానూ అదే అనుకుంటన్నాను," అని అతను హాయిగా వెనక్కి వాలి, ఎవరి గ్లాసు వైపూ చూడకుండా తన గ్లాసు తను తాగాడు.