తాత కట్టిన మెట్లు, నాయనమ్మ కాల్చిన కేకు

దేవుడు ఈ లోకాన్ని చేయడానికి ఆరు రోజులు తీసుకున్నాడని చర్చిలో చెబుతారు. ఆ పని మా నాయనమ్మకు అప్పగించి ఉంటే బుధవారం మధ్యాహ్నానికల్లా ముగించేసి, మిగిలిన రోజుల్లో దేవదూతల దగ్గర చందాలు వసూలు చేసేది. ఇందులో తప్పేమైనా ఉంటే బుధవారం అనడమే. మంగళవారానికే అయిపోయేది.

అంతటి మనిషికి చేతకాని పని ఒక్కటే, కేకు. ఆవిడ కేకులో కత్తి దిగదు. దిగిందా, మళ్లీ బయటికి రాదు. అయినా క్రిస్మస్ ముందు ఆదివారం చర్చి ముంగిట జరిగే వేలంలో ఏటా ఆ కేకు ఉండి తీరాల్సిందే. ఆవిడ పెట్టడం మానదు, ఊరు నవ్వడం మానదు.

ఆ ఏడు మాత్రం ఆవిడకు నవ్వులాట పట్టలేదు. కారణం మా తాత. ఆయన మేస్త్రీ. చర్చి మెట్లు కట్టింది ఆయనే. వరదొచ్చినా లోపలికి నీళ్లు రాకూడదని, దూరం నుంచి చూసేవాళ్లు నోరు తెరవాలని నిటారుగా కట్టాడు. ఎక్కలేక ముసలివాళ్లు మూలిగితే, "దేవుడి దగ్గరికి పోవడం అంత తేలికనుకున్నారా?" అనేవాడు. ఆ మాట తిరిగొచ్చి ఆయనకే తగిలింది. జబ్బు చేసి కాళ్లు చచ్చుబడ్డాక, చక్రాల కుర్చీలో చర్చి కిటికీ కింద కూర్చుని పాటలు వినాల్సి వచ్చింది.

కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తుకెళ్తామన్నారు. తాత ఒప్పుకోలేదు.

"నలుగురూ కలిసి మోసే రోజు ఎటూ వస్తుంది. అంత తొందరేంటిరా మీకు?"

పెళ్లయిన నాటి నుంచీ ఇద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నవాళ్లు. ఇప్పుడు ఆవిడ లోపల, ఆయన బయట. పాట మధ్యలో కిటికీ అవతల నుంచి దగ్గు వినిపిస్తే చాలు, నాయనమ్మ చరణం తప్పేది. ఒక ఆదివారం ఇంటికొస్తూ తేల్చి చెప్పేసింది.

"క్రిస్మస్‌కి నువ్వు నా పక్కన కూర్చుంటావు."

"మెట్లు కరిగిపోతాయా?"

"కరగవు. పక్కన ర్యాంపు కట్టిస్తా. కుర్చీ దానంతటదే ఎక్కుతుంది."

సంఘం కూడినప్పుడు ఆ మాటే ఎత్తింది. చందాల బాధ్యత చూసేది సిమెంటు కొట్టాయన. నాయనమ్మకు వరసకు మరిది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఈసారి మైకు సెట్టు కొందామనుకున్నాం వదినా. అన్నయ్యకి బయటికి కూడా ఖంగున వినిపిస్తుంది."

"ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి మరిదీ. పోయినవి కాళ్లు."

పాస్టరుగారు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. నాయనమ్మ ఆగలేదు. "చందాలు నీ మైకుకి. వేలంలో వచ్చేది నా ర్యాంపుకి. సరేనా?"

వేలంలో వచ్చేది కొవ్వొత్తులకే చాలదని ఆయనకు తెలుసు. అందుకే అందరి ముందూ ధీమాగా సరే అన్నాడు.

మర్నాటి నుంచి నాయనమ్మ ఊరి మీద పడింది. వేలానికి ఏదో ఒకటి ఇస్తే గాని గుమ్మం దిగేది కాదు. దర్జీ అత్త దిండు గలేబులు ఇచ్చింది. ఆవిణ్ని చూసి తలుపేసుకున్న వడ్రంగి చివరికి కిటికీలోంచి ఓ స్టూలు అందించి బయటపడ్డాడు.

వేలం పాడేది బస్సు కండక్టరు బాబాయి. ఆయన గొంతుకు మైకుతో పనిలేదు. గలేబులు పోయాయి, స్టూలు పోయింది, కోళ్లు కూడా పోయాయి. వచ్చిన డబ్బు పునాదికి కూడా సరిపోయేలా లేదు. బల్ల మీద మిగిలింది కేకు ఒక్కటే. నాయనమ్మ పెదవులు బిగించి కూర్చుంది.

కేకు వేలం పాట బడి పంతులమ్మ దగ్గర ఆగింది. ఆవిడ డబ్బు కట్టి, కేకును గోటితో తట్టి చూసి, "పిల్లలకి పాఠాలు చెప్పాలి బాబూ, నాకు పళ్లు కావాలి" అని తిరిగి బల్ల మీదే పెట్టేసింది. కండక్టరు బాబాయి మళ్లీ పాడాడు. పోస్టుమ్యాన్ కొన్నాడు, బరువు చూసి తిరిగిచ్చాడు. పళ్ల డాక్టరు అందరికన్నా ఎక్కువ పాడి, "దీని పుణ్యాన నాకు ఏడాదంతా గిరాకీ. ఇది ఊళ్లోనే తిరగాలి" అని తనూ వదిలేశాడు. జనం నవ్వుతున్నారు, కొంటున్నారు, బల్ల మీద పెడుతున్నారు. కేకు మాత్రం కదలడం లేదు.

సిమెంటు మరిది లేచాడు. "ఒకే సరుకుని ఎన్నిసార్లు అమ్ముతారయ్యా?"

"కొన్నవాళ్లు తిరిగిస్తే మళ్లీ పాడాలని పోయినేడు రూలు పెట్టింది నువ్వే కదా మరిదీ" అంది నాయనమ్మ, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. "ఇసక్కి, కంకరకి వచ్చేసింది. ఇంక సిమెంటే."

ఊరంతా ఆయన వైపు తిరిగింది. ఆయన కేకు వైపు చూశాడు, పాస్టరుగారి వైపు చూశాడు, ఎటూ దారి కనిపించలేదు.

"సరే, సిమెంటు నాది. ఆ కేకు మాత్రం నాకొద్దు."

తాత దగ్గర పని నేర్చుకున్నవాళ్లే వచ్చి ర్యాంపు కట్టారు. ఆయన కుర్చీలో కూర్చుని ప్రతి తాపీ దెబ్బకూ వంక పెట్టాడు. చాలాకాలం తర్వాత ఆయనకు అంత బాగా ఆకలేసింది.

క్రిస్మస్ పొద్దున ఎవరినీ కుర్చీ ముట్టుకోనివ్వలేదు. చక్రాలు తనే తోసుకుంటూ సగం దూరం ఎక్కేసరికి సత్తువ అయిపోయింది. కుర్చీ వెనక్కి జారబోయింది. నాయనమ్మ వంగింది.

"పట్టుకోకన్నానా?"

"నేను పట్టుకోలేదయ్యా. కేకు పెట్టా."

వేలంలో ఎవరూ పట్టుకెళ్లని ఆ కేకునే సంచిలోంచి తీసి చక్రం వెనక ఆనించింది. కుర్చీ కదలలేదు. తాత ఊపిరి తీసుకుని మళ్లీ తోశాడు. ఆయన ఆగిన చోటల్లా కేకు. అలా ఇద్దరూ గుమ్మం దాటి, తమ బల్ల దగ్గరకు చేరారు. ఆ రోజు నాయనమ్మ ఏ చరణమూ తప్పలేదు. కేకు కూడా ఎక్కడా పెచ్చు ఊడలేదు.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే, నాయనమ్మ పిండి జల్లించడం ఆపి నా వైపు చూసింది.

"కేకు నాకు చేతకాదని రాశావేంటే? మెత్తగా చేస్తే ఇంటికి పట్టుకుపోయి తినేస్తారు. తినేసిన కేకుని రెండోసారి ఎవరు కొంటారే, మొద్దూ?"