కుర్చీ లేని ఇంటికి కసరత్తు కాగితం

2013 జూన్‌లో నన్ను విజయనగరం నుంచి శ్రీకాకుళం ప్రభుత్వ ఆస్పత్రికి బదిలీ చేశారు. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. విభాగంలో జూనియర్ అంటూ ఎవరూ లేరు కాబట్టి ఆ సీనియారిటీ అంతా నామీదే చూపించుకునేవాణ్ణి. ఒక అటెండరు, నడక నేర్పే రెండు సమాంతర కడ్డీలు, ఒక గోడ గడియారం, నేను. అంతే విభాగం.

వయసు మళ్లినవాళ్లు పది పన్నెండు రోజులు ఆస్పత్రి మంచం మీద ఉంటే, జబ్బు నయమయ్యేసరికి తొడల్లో బలం పోతుంది. డాక్టరు గారు బాగైందని ఇంటికి పంపిస్తారు. వాళ్లు ఇంటికెళ్లి, కాలు తడబడి పడి, తుంటి విరగ్గొట్టుకుని మళ్లీ వస్తారు. అలా పడకుండా ఇంట్లో చేసుకోవలసిన కసరత్తులు నేర్పి పంపడం నా పనుల్లో ఒకటి. దానికోసం నేను స్వయంగా ఒక కాగితం తయారుచేసి జిరాక్సు తీయించాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కుర్చీ వీపు పట్టుకుని మడమలెత్తడం, కుర్చీ పక్కన ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలబడడం. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని బొమ్మలు వేశాను. కుర్చీ బొమ్మ మరీ బాగా కుదిరిందని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

జూలై మొదట్లో ఎర్రమ్మ అనే ఆవిడ న్యుమోనియాతో మెడికల్ వార్డులో చేరింది. కళింగపట్నం, చేపలవాళ్లు. వయసెంతని అడిగితే మీకు తోచింది రాసుకోండని కొడుకు నూకరాజు అన్నాడు. పన్నెండో రోజు డిశ్చార్జి. ఆ ఉదయం ఆమెకు మా మామూలు పరీక్ష పెట్టాను. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. ఎంత సేపు పట్టిందో గడియారం చూసి రాస్తాం. ఆమెకు చాలా సేపు పట్టింది. నడుస్తున్నంతసేపూ తల వంచి పాదాలనే చూసుకుంది. కేస్ షీటులో పడిపోయే ప్రమాదం ఎక్కువ అని రాసి, నా కాగితం కోడలు పోలమ్మ చేతికిచ్చి, పదిహేను రోజులకు మళ్లీ చూపించమన్నాను.

పదిహేనో రోజున నూకరాజు ఒక్కడే వచ్చాడు. అమ్మ రెండుసార్లు పడిందని, ఎముకలు విరగలేదని, ఇక మంచం దిగనివ్వడం లేదని చెప్పాడు. తెల్లవారకముందే తను వేటకు పోవాలి, పోలమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లలో చేపలమ్మి మధ్యాహ్నానికి గానీ తిరిగిరాదు. అందుకని తల్లిని పాలకొండలో ఉన్న అక్క ఇంటికి పంపేస్తానన్నాడు.

"ఒగ్గేత్తే మళ్లీ పడిపోతాది సార్. మూడోసారి పడితే నాను సూడనేను."

పంపేముందు ఒకసారి ఇల్లు చూస్తానన్నాను.

ఇళ్లకు వెళ్లి చూడడం మా విధుల్లో లేదు. సూపరింటెండెంటు గారిని అడిగితే, శనివారం మధ్యాహ్నం నా ఓపీ అయ్యాక వెళ్లొచ్చని, బస్సు చార్జీ మాత్రం ఇవ్వలేమని అన్నారు. వెళ్లాను. నేను పచారీ కొట్టువాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఇంగువ ఘాటుకు అలవాటుపడిన ముక్కు ఇది. బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి ఇసుక మీద ఆరబోసిన చేపల వాసన తగిలింది. రుమాలు అడ్డం పెట్టుకున్నాను. అక్కడి ఆడవాళ్లు చూసి నవ్వుకున్నారు. తీసేశాను.

ఎర్రమ్మ పంచలో మంచం మీద ఉంది. ముందు పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి బీపీ చూశాను. పెద్ద తేడా లేదు, లేవగానే కళ్లు తిరిగి పడడం కాదన్నమాట. మరి ఎలా పడ్డావు మామ్మా అని అడిగాను. మొదటిసారి గడప దగ్గర కాలు తడబడిందట. రెండోసారి సంగతి అడిగేసరికి కోడలి ముఖం మాడిపోయింది. ఎర్రమ్మ ఆమె వైపు ఒకసారి చూసి, మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ చూపించింది.

"నీ కాయితం మంచిదే బాబూ. మాకే కుర్సీ నేదు."

బొమ్మలో కుర్చీ ఉంది కదా అని పోలమ్మ టీ కొట్టువాణ్ణి అడిగి ఒకటి తెచ్చింది. బొమ్మలో ఉన్నట్టే వాకిట్లో వేసింది. వాకిలంతా ఇసుక. అత్త కుర్చీ వీపు పట్టుకుని మడమలెత్తగానే కుర్చీ వెనక్కాళ్లు ఇసుకలో దిగబడి, కుర్చీ, మనిషి కలిసి పడ్డారు. కోడలిమీద మాట వస్తుందని ఎర్రమ్మ ఆ సంగతి కొడుకుతో చెప్పలేదు. మోచేతి దెబ్బ కొంగు కింద దాచుకుంది. చెప్పింది చెప్పినట్టు చేశారు వాళ్లు. తప్పు చెప్పినవాడిది.

కొట్టుకు వచ్చినవాడికి ఏం కావాలో అడగకుండా పొట్లం కట్టొద్దని మా నాన్న నాకు చిన్నప్పుడే చెప్పాడు. ముప్ఫై ఏళ్లు సర్వీసు చేసి నేను చేసింది అదే తప్పు. సిగ్గేసింది. అప్పుడు మొదటిసారి పోలమ్మను అడిగాను, జబ్బు చేయకముందు మీ అత్త ఎలా నడిచేదని.

"నెత్తిమీద ఏటీ నేకుండా మాయత్త నడవడం నానెప్పుడూ సూడనేదు సార్. గంపుంటే తిన్నగా పోతాది."

నలభై ఏళ్లకు పైగా చేపల గంప మోసిన మనిషి. గంప కింద గుడ్డ చుట్టి పెట్టుకునే చుట్టకుదురు ఇంకా చూరులోనే ఉంది. గంప ఎత్తనివ్వలేను, ఆ బరువు ఇప్పుడు ప్రమాదం. ఉత్త చుట్టకుదురు మాత్రం నెత్తిన పెట్టమన్నాను. ఎర్రమ్మ దాన్ని సర్దుకుంది. మెడ నిలబడింది, చూపు పాదాల మీంచి లేచి ఎదురుగా ఉన్న పడవల మీద పడింది. పక్కన పోలమ్మ చెయ్యి సిద్ధంగా ఉంది. పంచ ఈ చివర నుంచి ఆ చివరకు పది అడుగులు. అడుగు తడబడలేదు.

"కాళ్లేపు సూత్తే కాళ్లు బెదురుతాయి బాబూ" అంది.

నేను చదువుకున్న ఏ పుస్తకం కూడా ఆ విషయం అంత సూటిగా చెప్పలేదు. నా కాగితం వెనక్కి తిప్పి అక్కడే కొత్తది రాశాను. లేవడం కూర్చోవడం కుర్చీ మీద కాదు, పంచ అరుగు మీద. మడమలెత్తడం పంచ రాట పట్టుకుని. నడక చుట్టకుదురుతో, మొదట పంచలో, పదిరోజుల తర్వాత వాకిట్లో. పోలమ్మ అరడుగు వెనక ఉండాలి, పట్టుకోకూడదు. కోడలు ఇంట్లో లేనప్పుడు ఏదీ చేయకూడదు. చుట్టకుదురు జారితే చూపు కిందికి దిగిందన్నమాట, ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. వేట నుంచి వచ్చి ఉన్న నూకరాజును నెల రోజులు గడువడిగాను. ఒడ్డున చేపలు ఆరబోసే ఇసుక మేట దాకా తల్లి తనంతట తాను నడిచి వెళ్లి తిరిగిరాగలిగితే పాలకొండ మాట ఎత్తనని ఒప్పుకున్నాడు.

మధ్యలో ఒకసారి వెళ్లి కసరత్తుల లెక్క పెంచాను. ఆగస్టు ఆఖరి శనివారం మూడోసారి వెళ్లాను. ఎర్రమ్మ చుట్టకుదురు పెట్టుకుని వాకిలి దాటింది. పోలమ్మ అరడుగు వెనక, నూకరాజు రెండు చేతులూ చాపి ఆ వెనక, చెప్పుల్లో ఇసుక నింపుకుని నేను అందరికన్నా వెనక. మేట దాకా వెళ్లింది. అక్కడున్న కర్ర తీసుకుని కాకుల్ని తోలింది. తర్వాత చుట్టకుదురు తీసి, ఒంగమని చెప్పి, కోడలి నెత్తిన పెట్టింది. ఇక ఇది నీకే కావాలి అన్నట్టు రెండుసార్లు తట్టింది. తిరుగుదారిలో ఆమె తలమీద ఏమీ లేదు. తల మాత్రం దిగలేదు. నూకరాజు చాపిన చేతులు దించుకుని కళ్లు తుడుచుకున్నాడు. పాలకొండ మాట మళ్లీ రాలేదు.

బయల్దేరుతుంటే ఎండుచేపల పొట్లం ఇచ్చారు. శాకాహారినని చెప్పడానికి మనసొప్పలేదు. ఆదివారానికి ఇంటికెళ్లే విజయనగరం బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది. మర్నాడు మా వీధి చివర ఆటో అతనికిస్తే, ఇంత మంచి సరుకు ఎక్కడిదని అడిగాడు. గర్వంగా చెప్పాను.

సోమవారం పాత జిరాక్సులన్నీ తీసేసి కొత్త ఫారం రాశాను. అందులో కసరత్తుల కన్నా ముందు రెండు ప్రశ్నలుంటాయి. మీ ఇంట్లో దేనిమీద కూర్చుంటారు? జబ్బు చేయకముందు ఏం పని చేసేవారు? రిటైరయ్యేదాకా ఆ రెండింటికీ జవాబు రాయకుండా ఎవరికీ కసరత్తు ఇవ్వలేదు. మొదటి ప్రశ్న నాకు నేర్పడానికి ఎర్రమ్మ ఒకసారి పడవలసి వచ్చింది. ఆ రుణం నాకు గుర్తుంది.