మొహం కడుక్కుని రండి

మా మేడం పోయారని ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. "నిద్రలోనే, ప్రశాంతంగా" అన్నాడు నాతోపాటు ఆవిడ దగ్గర చదువుకున్న మిత్రుడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ప్రశాంతంగా చేసిన పని ఒక్కటీ నాకు గుర్తులేదు.

ముప్పయ్యేళ్ళ కిందటి మాట. యూనివర్సిటీలో ఆవిడ కింద రీసెర్చి చేసేవాళ్ళం నలుగురం. తలవెంట్రుకను నూరు చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో, సిలికాన్ బిళ్ళ మీద అంత సన్నని గీతలు గీయడం మా పని. నానో అన్న మాట అప్పటికి మా ఎవరి నోటా లేదు. "ఈ దుమ్ములో అయ్యే పని కాదు, గది ఖాళీ చేయండి, కంప్యూటర్లు పెట్టుకుంటాం" అని యూనివర్సిటీలో గదులు కేటాయించే కమిటీ చైర్మన్ గారు తేల్చేశారు. మేడం నెల రోజులు గడువు అడిగారు. అడిగారనడం మర్యాద కోసం, తీసుకున్నారు.

బిళ్ళకు పూసే మందు మామూలు వెలుగు తగిలితే పాడైపోతుంది, పసుపు వెలుగే కావాలి. కిటికీలకి పసుపు షీట్లు కొనమంటే ఆఫీసులో కాగితం కదల్లేదు. మేడం ఇల్లు ఫిల్మ్ నగర్‌లో. వీధి చివర టీకొట్టు దగ్గర, సినిమా స్టూడియోలో లైట్లు వేసే, బోరబండలో ఉండే ఆయన్ని పట్టుకున్నారు. లైట్ల ముందు కట్టే రంగు షీట్లు ఆయన దగ్గరుంటాయి.

"పాతయి మేడం, జర గీరుకుపోయినయి. నడుస్తదా?" అన్నాడాయన.

"పసుపుగా ఉన్నాయిగా, నడుస్తుంది."

"గింత సన్న గీత గీసి ఏం జేస్తరు మేడం?"

"గీయలేరన్నారయ్యా. ముందు గీసి చూపిస్తా, ఏం చేస్తానో తర్వాత చెబుతా."

పసుపు వెలుగొచ్చింది గానీ గీత రాలేదు. ప్రతి బిళ్ళ మీదా మచ్చలే. మేడం ఇంటి పక్కనే జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టే దుమ్ము ఆవిడ చీరకంటి వస్తోందని కూడా అనుకున్నాం. నేను పుస్తకాలు సర్దేసుకున్నాను. మూడు వారాలు గడిచాక మేడం మైక్రోస్కోపులోంచి తలెత్తి, వేలితో తన చెంప రుద్ది, ఆ వేలు కొత్త బిళ్ళకు అద్ది మళ్ళీ చూశారు. అవే మచ్చలు. "దుమ్ము బయటిది కాదర్రా, మన మొహాలదే."

స్నానం చేసి మొహానికి పౌడరద్దుకోకుండా గడప దాటని జనం మేము. ఆ రోజునుంచి గుమ్మం బయట కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాకే లోపలికి. మల్లెపూలు కూడా బయటే. వారం తిరిగేసరికి మచ్చలు పోయి గీత వచ్చింది.

గడువు చివరి రోజు చైర్మన్ గారు వచ్చారు. మొహం తెల్లగా ఉంది. మేడం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"మొహం కడుక్కుని రండి సార్."

"నేను చైర్మన్‌నండీ."

"పౌడరుకి ఆ సంగతి తెలీదు సార్."

ఆయన కడుక్కున్నారు. లోపలికొచ్చి గీతలు చూశారు, చాలాసేపు చూశారు. గది మాకే ఉండిపోయింది. నా చదువూ నిలబడింది, అది ఆవిడ పెట్టిన భిక్ష. మొన్న వేసవిలో అదే గదిలో మా తర్వాతివాళ్ళు ఆ గీతలో పదోవంతు గీత గీశారని ఫోన్లో చెబితే, మేడం అడిగింది ఒక్కటే: "అంచు శుభ్రంగా ఉందా?"

ఆదివారం ఆవిడ వాకిట్లో కుళాయి కనబడింది. చావింటికి వెళ్ళొచ్చాక కడుక్కుంటారు గానీ, లోపలికి వెళ్ళేముందు ఎవరూ కడుక్కోరు. మేం నలుగురం కడుక్కున్నాం. బంధువులు వింతగా చూశారు, చూడనీ అనుకున్నాం. వెనక ఎవరో చెప్పులు విప్పిన చప్పుడైంది. చైర్మన్ గారు. బాగా ముసలివారైపోయారు. కళ్ళద్దాలు తీసి నా చేతికిచ్చి, కుళాయి కిందకి వంగారు.