ఆగని ఇంజను

మొన్న మిట్టమధ్యాహ్నం కర్నూలులో మా వీధి మలుపు దగ్గర చెరుకురసం బండాయన ఇంజను తాడు లాగీ లాగీ అలసిపోతుంటే, గ్లాసు కోసం నిలబడ్డ నేను ఉండబట్టలేక, ఆ ఎర్ర స్విచ్చు ఆపేసి ఉందేమో చూడమన్నాను. ఆయన నా నెరిసిన జుట్టు వంక ఒకసారి చూసి, స్విచ్చు వేసి తాడు లాగాడు. ఇంజను అందుకుంది. ఆ చప్పుడు వింటూ రసం సంగతే మరిచిపోయి, పత్తికొండ దగ్గర మా చేనికి, పెళ్ళయిన రెండో ఏటికి వెళ్ళిపోయాను.

ఆ రోజుల్లో చేలల్లో కరెంటు మోటర్లు ఎంత అరుదో మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా బావి ఒడ్డున ఒక చిన్న పెట్రోలు ఇంజను ఉండేది. చక్రానికి తాడు చుట్టి దాన్ని బతిమాలడం మా ఆయన పని. ఆపడానికి మాత్రం పక్కనున్న బొత్తాం నొక్కితే చాలు, గప్‌చుప్‌గా ఊరుకునేది.

ఆ ఏడు టమోటా పూత మీదుండగా మామకు కంటి ఆపరేషనని మా ఆయన వెంటబెట్టుకుని కర్నూలు పోయారు. అత్తా నేనూ మిగిలాం. మూడో రోజు ఇంజను మొండికేసింది. పెట్రోలు నిండుగా ఉంది, తాడు లాగి లాగి మా అరచేతులు బొబ్బలెక్కాయి, అది మాత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎదురుగా చెట్లు తలలు వాల్చేస్తున్నాయి.

పక్క చేను చిన్నమామది, మా మామకు సొంత తమ్ముడు. ఆయనకు ఇంజన్ల పని బాగా తెలుసు. కానీ గట్టు తగాదాతో రెండేళ్ళుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. పిలుద్దామా అని నేను నసిగితే అత్త తాడు చుడుతూనే అంది, "చెట్లు ఎండితే ఎండనీ పాపా. ఆయప్పను మాత్రం పిలిచేది ల్యా."

మా ఆయన చేసేటప్పుడు చూసిందే నాకు చదువు. ప్లగ్గు విప్పి, మసి తుడిచి, వైరు తగిలించి ఇంజను ఒంటికి ఆనించి పట్టుకుంటే అత్త తాడు లాగింది. నిప్పురవ్వ రాలేదు. ఎందుకు రాదని ఆలోచిస్తూ, బొత్తాం నొక్కితే ఇంజను ఎలా ఆగుతుందో గుర్తు చేసుకుంటూ, ఆ బొత్తాం నుంచి పోయే సన్నటి వైరు వెంట వేలు పోనిచ్చాను. రేకు అంచున రాపిడికి దాని తొడుగు అరిగిపోయి, లోపలి రాగితీగ ఇనుముకు తగులుతోంది. బొత్తాం నొక్కినా జరిగేదదే, తీగ ఇనుముకు తగిలి నిప్పురవ్వ ఆగిపోతుంది; అంటే ఎవరూ నొక్కకుండానే బొత్తాం నొక్కినట్టే ఉంది. ఆ వైరును అతుకు దగ్గర లాగేసి, మళ్ళీ ప్లగ్గు పట్టుకున్నాను. అత్త తాడు లాగగానే నా చెయ్యి భుజం దాకా జుమ్మంది. అంత సంతోషం కలిగించిన దెబ్బ నేను మళ్ళీ తినలేదు.

ప్లగ్గు బిగించి లాగితే రెండో లాగుకే ఇంజను అందుకుంది. నీళ్ళు కాలువలో మెరుస్తూ, ఒక్కో సాలులోకీ తొంగిచూస్తూ పారాయి. తడిసిన మట్టి వాసనలో, ఆ ఎడతెగని చప్పుడులో అత్తా నేనూ కలలో ఉన్నట్టు ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. లేచి చూస్తే మడులన్నీ నిండాయి. ఆపడానికి బొత్తాం నొక్కితే ఆగదు, ఆపే ఇంకో దారి మాకు తెలియదు. వైరు నేనే పీకేశాను కదా! దాన్ని మళ్ళీ ముట్టుకోవడానికి, తిన్న దెబ్బ గుర్తొచ్చి, ధైర్యం చాలలేదు. ఈలోగా నీళ్ళు గట్టు మీదుగా చిన్నమామ బుడ్డల చేన్లోకి దిగాయి. ఆయన బావి ఎండి నెలయింది, వేరుశనగ ఆకు ముడుచుకుని ఉంది.

ఆయన పార భుజాన వేసుకుని గట్టు మీదికి వచ్చాడు. అత్త కొంగు కప్పుకుని, ఆయనకు వినబడేలా నాతో అంది, "చెప్పు పాపా, అది ఆగడంల్యా. మేం కావాలని ఇడిసింది కాదు."

ఆయన తన చేన్లో మెల్లగా నల్లబడుతున్న నేలను చాలాసేపు చూశాడు. తర్వాత వంగి, పెట్రోలు వచ్చే గొట్టానికున్న కాక్ మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా ఉండిపోయాడు.

"ఇది తిప్పితే ఆగుతాది పాపా," అన్నాడు నాతోనే. "మీ అత్తనడుగు, ఇంగ కొంచేపు ఉండనియ్యమంటాదేమో."

అత్త గట్టు అవతల ముడుచుకున్న ఆకు వంక చూసింది. "ఉండనీలేప్పా," అంది, నాతో కాదు, ఆయనతోనే.

మర్నాడు ఆయనే వచ్చి ఆ వైరుకు గుడ్డపీలిక చుట్టి అతికించాడు. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మామ తిరిగొచ్చినప్పుడు బస్సు దగ్గర చెయ్యి పట్టి దింపిందీ ఆయనే. గట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఆయన ఇక్కడ కుర్చీలో కూర్చుని ఫోన్లో మీట నొక్కితే అక్కడ చేన్లో మోటారు తిరుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. ఒక్క చుక్క గట్టు దాటదు. సుఖమే, కాదనను. కానీ చిన్నమామ తర్వాత చేతులు మారిన ఆ పక్క చేను ఇప్పుడు ఎవరిదో, వాళ్ళ పైరు ఎలా ఉందో అడిగితే మా ఇద్దరిలో ఎవరమూ చెప్పలేం.