లోడరు కీళ్ళకు పసుపు బొట్లు

ఏడో తరగతిలో నేను బడి మానేస్తానంటే మా అయ్యవారు అడ్డుపడలేదు. "పోనీలే, బెంచీకన్నా సుఖం దొరుకుద్ది" అన్నాడు. ఆయన ఎంత జ్ఞానో, మా బావ రొయ్యల గుంట కట్ట మీద ఒక మంచు పొద్దున తేలిపోయింది. చారెడు పసుపుతో రెండు గుంటల రొయ్యల్ని సముద్రానికి సాగనంపబోయినవాడు జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నవ్వాలనిపించిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను.

మా అక్క మొగుడు పెంచలయ్యకు కృష్ణపట్నం అవతల, ఉప్పు కాలవ ఒడ్డున గుంటలున్నాయి. కట్టలకు మట్టి ఎత్తడానికి ఒక లోడరు ట్రాక్టరు కొని నా చేతికిచ్చాడు. ముందు వైపు రెండు ఇనుప చేతులు, వాటి చివర బకెట్టు. చేతులు వంగే ప్రతి కీలు దగ్గరా శనగగింజంత నిపుల్ ఉంటుంది. గ్రీజు గన్ను దానికి తగిలించి కొడితే గ్రీజు కీలులోకి పోతుంది. ఇప్పుడు ఇంత వివరంగా చెబుతున్నాను గానీ, అప్పట్లో ఆ బండిలో నాకు బాగా తెలిసింది హారను ఒక్కటే.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. అందరూ బానెట్టుకు ఒక బొట్టు పెట్టి ఊరుకుంటారు. నేను ఊరుకునే రకం కాదు. పసుపు, కుంకుమ, గంధం కలిపి ముద్ద చేసి, నిపుల్ నిపుల్‌కీ నిండుగా అద్దాను. గుండ్రంగా, చిన్నగా, బొట్టు కోసమే పుట్టినట్టున్నాయి మరి. మిగిలిన ముద్దను పారేయడం పాపమని కీళ్ళ సందుల్లో కూరాను. అతి భక్తి దొంగ లక్షణమంటారు. నాది తుప్పు లక్షణం.

ఉప్పుగాలికి ఆ ముద్ద సిమెంటులా బిగిసింది. ఆ తర్వాత గ్రీజు కొట్టినప్పుడల్లా లోపలికి పోకుండా పక్కలకు కక్కేది. చంటిబిడ్డ కూడా కడుపు నిండితే పాలు కక్కుతుంది కదా అనుకుని, గుడ్డతో దాని మూతి తుడిచి వచ్చేవాణ్ణి. బండి కోరింది గ్రీజు, నేను పెట్టింది పసుపు.

మార్గశిరంలో కాలవ వైపు కట్ట చెమర్చడం మొదలుపెట్టింది. మర్నాటి సాయంత్రమే కాలవకు అమావాస్య పోటు. రొయ్యలు పట్టడానికి ఇంకా పది రోజులుంది.

"పోటు వచ్చేలోపల కట్ట లేపాలిరా శీనా" అన్నాడు బావ. "మీ అక్కా నేనూ నాలుగు నెల్లుగా ఈ కట్ట మీదే పడుకున్నాం. తెగిందంటే మళ్ళా లేచేదానికి మాకు ఓపిక లేదు."

"నేనుండంగా నీకెందుకు బావా బెంగ" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

దగ్గరలో దొరికే మట్టి, ఊళ్ళో పోయినవాళ్ళను పూడ్చే బొందల దిబ్బ పక్కదే. తెల్లవారి అక్కడికి పోయేసరికి మంచు కమ్మేసింది. కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు కనబడలేదు. వాటి కొసన ఉండే ఎర్ర దీపాలు మాత్రం దేనికీ అంటుకోకుండా ఆకాశంలో వేలాడుతున్నాయి. కొంగలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి, ఒక్కటీ మెడ తిప్పలేదు. మట్టి నింపి బకెట్టు పైకి లేపాను.

ఎవరో మూలిగారు.

సన్నగా, సాగదీసి, నేల మీంచి లేవలేక లేస్తున్న ముసలమ్మలా. లేపడం ఆపాను, ఆగింది. లేపాను, మళ్ళీ మూలిగింది. ఇంజను చప్పుడేమోనని ఇంజను ఆపేశాను. ఆపాక ఆ మంచులో ఆ మూలుగు ఇంకా స్పష్టంగా వినిపించింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా, బకెట్టు తనంతట తాను మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది, ఎవరో లోపల కూర్చుని దిగుతున్నట్టు.

ఆ తర్వాత నేను ఎటు దూకానో నాకు గుర్తులేదు. బావ గుడిసె చేరేసరికి కాళ్ళకు చెప్పులు లేవు.

"బావా, దిబ్బలోంచి ఎవురో బకెట్లో ఎక్కినారు."

"ఎక్కితే దించి రా. ఈడ కట్ట కారతా ఉండాది."

"మూలగతా ఉండారు బావా."

"పొద్దున్నే ఏం తాగినావురా?"

"మీ అక్కచెల్లెళ్ళ మీద ఒట్టు, మంచినీళ్ళు గూడా తాగలా."

నేను అక్క పసుపు డబ్బా చంకలో పెట్టుకుని బయల్దేరాను. దెయ్యానికి శాంతి చేయొద్దూ. నిపుల్ నిపుల్‌కీ మళ్ళీ ముద్ద పెట్టాను, ఈసారి భయంకొద్దీ రెట్టింపు. వెంట వచ్చిన బావ వెటకారంగా నవ్వుతూ పక్కనే నిలబడ్డాడు. ఇంజను వేసి బకెట్టు లేపాను. సగం దాకా పోయి, పెద్దగా మూలిగి, గాలిలో బిగుసుకుపోయింది. ఇంజను ఆపాను.

బావ నవ్వు ఎక్కడికో పోయింది.

"మా అమ్మ" అన్నాడు చిన్నగా. "మోకాళ్ళు పట్టుకోని లేచేటప్పుడు ఇట్టనే అనేది."

వాళ్ళమ్మ ఉండేది ఆ దిబ్బలోనే. మూడేళ్ళయింది. నాకు నవ్వు రాలేదు. మీకొస్తే ఒకసారి ఆ కట్ట మీద నిలబడి చూడండి.

చివరికి బావే తేరుకుని మనుబోలులో మెకానిక్ మస్తానయ్యకు ఫోను చేశాడు. ఆయన వచ్చేసరికి పదకొండయింది. మంచు పలచబడింది గానీ ఎండ రాలేదు. బకెట్టు కింద తాటిమొద్దులు పెట్టించి, ఒక నిపుల్ గోటితో గీకి వాసన చూశాడు.

"గ్రీజు పొయ్యే దారిలో గంధం వాసన ఏందబ్బయా?"

బావ నావైపు చూశాడు. నేను కొంగలవైపు చూశాను.

"ఇంజను ఆపినాక ఎట్ట మూలిగిందన్నా?" అని అడిగాను, దెయ్యానికి ఇంకో అవకాశమిచ్చి.

"ఆయిలు కొంచెం లీకైనా చాలు, బరువుకి చేతులు అవే దిగతాయి. ఎండిపోయిన కీలు దిగేటప్పుడు మూలగక జోలపాట పాడుద్దా?"

డీజిలు పోసి నానబెట్టాడు. సన్న తీగతో మూతులు పొడిచాడు. మొండి వాటి మీద డీజిలు నింపిన చిన్న గొట్టం తగిలించి, అందులో కడ్డీ దూర్చి సుత్తితో ఒక్కొక్కటిచ్చాడు. దానికీ లొంగని రెండింటిని పానాతో విప్పి పారేసి కొత్తవి బిగించాడు. తర్వాత గన్ను కొడితే, కీలు సందులోంచి ఎర్రగా, చిక్కగా కారింది.

"అన్నా, నెత్తురు" అన్నాను. బావ కూడా రెండడుగులు వెనక్కి వేశాడు.

"నీ కుంకుమేరా నాయనా. మీ బావాబామ్మర్దులకి ఇద్దరికీ కలిపి ఒక గుండె ఉన్నా బాగుండు."

ఆ తర్వాత సాయంత్రం దాకా నేను సీటు దిగలేదు. మధ్యాహ్నం అన్నం కూడా అక్క స్టీరింగు దగ్గరికే తెచ్చిపెట్టింది. ఆఖరి బకెట్టు పోసి అదుముతుండగా పోటు వచ్చింది. నీళ్ళు కట్ట అంచుదాకా లేచి, కాసేపు అక్కడే నిలబడి, లోపలికి తొంగిచూసినట్టు చూసి, చప్పుడు లేకుండా వెనక్కి మళ్ళాయి. బావ కట్ట మీద కూలబడి మొహం కడుక్కున్నాడు. నీళ్ళు అవసరమైనదానికంటే ఎక్కువసేపు కొట్టుకున్నాడు.

నేను బకెట్టు మీద కుడిచెయ్యి వేసి, తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను. ఇకమీదట గ్రీజు పోయే చోట పసుపు గానీ, కుంకుమ గానీ, గంధం గానీ పెట్టను. పండగైనా, పీడకలైనా, దెయ్యం స్వయంగా వచ్చి బతిమాలినా పెట్టను.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. నోరు ఊరుకోదు. "ఏమైనా బావా, కట్ట కాపాడేదానికి మీ అమ్మే లేచి నా బండెక్కిందేమో" అన్నాను.

బావ తువ్వాలుతో మొహం తుడుచుకుని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"బతికుండంగానే నువ్వొస్తా ఉండావంటే కళ్ళు మూసుకోని నిద్రపోయినట్టు పడుకునేదిరా. చచ్చినాక లేచొచ్చి నీ బండెక్కుద్దా?"