పద్నాలుగు మూటల చేతిరాత

మా బడి పిల్లలు పద్నాలుగు మందిలో ఒక్కరికీ రాయడం రాదని ఆఫీసు వాళ్లు కాగితం మీద రాశారు. అది అబద్ధం. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, మోకాళ్లు నా మాట వినడం మానేశాయి, అయినా ఆ సంగతి గుర్తొస్తే లేచి నిలబడతాను.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, అడవి అంచు ఊళ్లకు చదువుకున్నవాళ్లు చదువు చెప్పడానికి వచ్చేవారు కాదు కాబట్టి నాలాంటివాడికి పంతులుగిరీ దొరికింది. నేను బడి మెట్టెక్కినవాణ్ణి కాను. కిరాణా పొట్లాల కాగితాలు, బస్సు బోర్డులు కూడబలుక్కుని అక్షరాలు పట్టుకుని, ఏడో తరగతి ప్రైవేటుగా కట్టి గట్టెక్కినవాణ్ణి. (రెండోసారికి. మొదటిసారి సంగతి ఎవరూ అడగలేదు.) బూర్గంపాడు నుంచి లోపలికి నడిస్తే వచ్చే ఒక కోయ గూడెంలో, పాక బడికి నన్ను తాత్కాలికంగా పెట్టారు. పలకలూ బలపాలూ పంపమని రాస్తే ఆఫీసు నుంచి పెట్టెడు బలపాలు వచ్చాయి, పలకలు రాలేదు. దేని మీద రాయాలో తెలియక పిల్లలు వారం రోజుల్లో బలపాలన్నీ తినేశారు. అప్పుడు గూడెం పెద్దాయన బండి కట్టించి గోదావరి ఇసుక తెప్పించాడు. దాన్ని పాకలో పరిచి, ఒక్కొక్కరికీ చాప వెడల్పున ఒక మడి గీశాను. వేలితో రాయడం, అరచేత్తో చెరపడం. ఆరు నెలల్లో పద్నాలుగు మందీ తమ పేరు, ఊరి పేరు, అమ్మానాన్నల పేర్లు ముత్యాల్లా రాసేవారు.

తనిఖీకి వచ్చిన అధికారికి మేము ఇస్త్రీ సారు అని పేరు పెట్టుకున్నాం. వాగు దాటి వచ్చినా ఆయన ప్యాంటు మడత చెదరలేదు. పిల్లలు అప్పటికే రాసేసి, గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన బూట్లతో నేరుగా పాక నడుమకు వచ్చి చుట్టూ చూశాడు.

"ఏంది పంతులూ, రాత ఏడున్నది?"

"మీరు దాని మీదనే నిలవడ్డరు సార్."

ఆయన కిందికి చూశాడు. వంగితే మడత నలుగుతుంది. "గిదంత నాకొద్దయ్యా. కాగితం మీద రాయించు, ఫైల్ల పెట్టాలె" అని తెల్ల కాగితం, పెన్సిలు తీసి ఇచ్చాడు. గూడెం పెద్దాయన మనవరాలు, మేము మిరపకాయ అని పిలిచే ఏడేళ్ల పిల్ల, ముందుకొచ్చింది. పెన్సిలును అటూ ఇటూ తిప్పి (వాసన కూడా చూసి, తినేది కాదని తేల్చుకుని) జాగ్రత్తగా పక్కన పెట్టింది. చూపుడు వేలితో కాగితం మీద తన పేరు, ఊరి పేరు, అమ్మానాన్నల పేర్లు రాసింది. నేను ఆ వేలి వెంటే చూస్తున్నాను, ఒక్క కొమ్ము తప్పలేదు. అలవాటు ప్రకారం అరచేత్తో శుభ్రంగా చెరిపేసి, "అయిపోయింది సార్" అని కాగితం ఆయన చేతికిచ్చింది.

ఆ ఖాళీ కాగితమే ఆయన రిపోర్టుకు సాక్ష్యం. పదిహేను రోజులకు తాఖీదు వచ్చింది: పిల్లల చేతిరాత నమూనాలు నెలలోగా పంపాలి, లేదంటే బడి మూసివేయబడును.

గూడెం పెద్దాయన పరుగున వచ్చాడు. "బడి మూస్తరంటనా పంతులూ? ఇంకో బడికి పోవాలంటె వాగు దాటాలె. వానల్ల పోరగాండ్లు ఎట్ల పోతరు? మల్ల మేకల ఎనకకే గద! నువ్వు ఏమన్న జెయ్యి, కోపానికి మాత్రం పోకు."

"అవ్, పోను" అన్నాను.

తెలివిగలవాడైతే ఆ నెలలో పిల్లలకు పెన్సిలు పట్టడం నేర్పేవాడు. నేను కోపానికి పోయాను. సొంతంగా చదువుకున్నవాడితో వచ్చిన చిక్కే అది, చెవి మెలిపెట్టడానికి గురువు ఉండడు. పిల్లలందరి చేతా మళ్లీ రాయించి, ఒక్కొక్కరి మడిలో రాత ఉన్న పైపొర ఇసుకను ఒక్కో గుడ్డలో మూటగట్టి, మూటకో పేరు చీటీ కుట్టి, అన్నీ గోనెసంచిలో వేసి, "తమరు కోరిన నమూనాలు జతపరచడమైనది" అని ఉత్తరం రాసి ఖమ్మం బస్సెక్కాను.

కండక్టరు సంచిని కాలితో కదిపి చూశాడు. "ఏముందయ్యా, గింత బరువు?"

"పిల్లల చేతిరాత."

"దేంతోని రాసిర్రయ్యా, బండరాళ్లతోనా?" అని లగేజీ టికెట్టు కొట్టాడు.

సంచిని ఆఫీసులో గుమస్తాకు అప్పజెప్పి, అందినట్టు ముద్ర కొట్టించుకుని మహా గర్వంగా తిరిగొచ్చాను. బస్సు దిగేసరికి కోపం దిగిపోయి భయం ఎక్కింది. పద్నాలుగు మంది చదువును నా రోషానికి పణంగా పెట్టానని అప్పుడు తెలిసొచ్చింది. పెద్దాయన ఎదురొస్తే పక్కదారి పట్టేవాణ్ణి. ఎందుకైనా మంచిదని రోజూ పిల్లల చేత పెన్సిలు పట్టించడం మొదలుపెట్టాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. అది రాసినవాడు ఉత్త మొద్దు అని నలభై ఏళ్లు తిట్టుకున్నాను. ఈ మధ్య మళ్లీ చదివితే, ఆ గుమస్తా ఎవరో గాని నాకంటే తెలివైనవాడేమో, రాస్తూ తనలో తాను నవ్వుకున్నాడేమో అనిపిస్తోంది. భుజాన ఇసుక మోసుకుంటూ న్యాయం కోసం బయల్దేరిన ఆ కోపిష్టి కుర్రాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుకుంటాను. ఆ రోజు పెద్దాయనకు చదివి వినిపించింది ఇదే:

"తాము పంపిన నమూనాలు, పద్నాలుగు మూటలు, అందినవి. ప్రయాణపు కుదుపులకు అక్షరములు చెదిరినట్లు కానవచ్చుచున్నది. కావున కుదుపు లేని విధముగా మరల పంపవలెను. అవి అందువరకు బడి యథావిధిగా నడుపవలెను."