అమ్మ అంటించిన నల్ల పట్టీ

నా చిన్నప్పుడు మా చింతపల్లి కొండల్లో ఫోటో అనేది దొరలకే గానీ మాలాంటివాళ్లకు ఉండేది కాదు. మా అమ్మను చలిజ్వరం పట్టుకుని ఎన్నాళ్లకీ వదల్లేదు. ఇక మనిషి దక్కదని పెద్దవాళ్లకు తెలిసిపోయింది. నాకు ఆమె ముఖమైనా మిగలాలని, మిషను బడిలో పంతులుగా ఉన్న మా మావయ్య, అమ్మకు తమ్ముడు, బిస్కెట్ల రేకుపెట్టెకు సూదిమొనతో బెజ్జం పొడిచి కెమెరా తయారుచేశాడు. మిషను దొరగారు ఇచ్చిన, ఫోటో పడే గాజు పలకలు రెండే.

పెట్టె అతుకుల మీద గంజితో కాగితం పట్టీలు అంటించాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తీరా మొదటి పలక కడిగితే అంతా నలుపే. వెలుగు ఎక్కడినుంచో దూరి పలకంతా నల్లబడిందన్నాడు గానీ, పెట్టెను ఎంత తిప్పి చూసినా ఆయనకు అంతు చిక్కలేదు.

మంచం మీద అమ్మ నవ్వింది. "ఎండలో నిలబడి సూత్తే ఏటి కనపడతాది తమ్ముడూ? సీకట్లోంచి సూడాల."

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అతుక్కు పనికొచ్చేవన్నీ ఒక్కొక్కటే గుమ్మంలో ఎండకు ఎదురుగా పట్టమంది. కాగితం పసుప్పచ్చగా వెలిగింది. గుడ్డపేలికలో నేత సందులన్నీ కనిపించాయి. పట్నంలో కరెంటు తీగలకు చుట్టే తారు పట్టీ ముక్క మావయ్య దగ్గర ఉంటే, అదొక్కటే వెలుగు రానివ్వక నల్లగా ఉండిపోయింది. అయితే అది మా చలికి బిగుసుకుపోయి రేకుకు అంటుకోనంది.

"ఇలా తే గుంటా. నా సెయ్యి కాలిపోతంది కదా, దీనికైనా పనికొత్తాది" అని అమ్మ అరచేత్తో అతుకు వెంబడి నొక్కుతూ పోయింది. పట్టీ మెత్తబడి పట్టుకుంది. నేను నవ్వాను. మావయ్య బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమెను వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, కదలొద్దన్నాడు. బెజ్జం కెమెరాకు చాలాసేపు కావాలి. మధ్యలోనే అమ్మకు జ్వరపు చలి వచ్చేసింది. మావయ్య బెజ్జం మూసేయబోతే కళ్లతోనే వద్దంది.

ఫోటో చేతికొచ్చేసరికి అమ్మ లేదు. మంచం కోళ్లు, తడిక, వెనక కొండ, అన్నీ తేటగా పడ్డాయి. అమ్మ ముఖం ఉండాల్సిన చోట మాత్రం అలుక్కుపోయిన మరక. పట్టీ మళ్లీ మోసం చేసిందని వెక్కివెక్కి ఏడ్చాను. మావయ్య నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు.

"పట్టీ తప్పు కాదే గుంటా. వెలుగు ఎక్కడా దూరలేదు. అది మీయమ్మ వణుకు. లేసి ఎల్లిపోవచ్చు కదా, లెగలేదు."

అమ్మ కళ్లెలా ఉండేవో ఇప్పుడు నాకు గుర్తులేదు. అది తలచుకుంటే ఈ వయసులోనూ ఏడుపొస్తుంది. నా మనవలు ఆ ఫోటో చూసి పాడైపోయిందంటారు. పాడవలేదంటాను. నాకోసం ఒక మనిషి ఎంతసేపు వణుకుతూ కూర్చుందో అందులో ఉంది.